ముప్పై ఒకటో నంబరు మేకు

నువ్వులకొండ అణు ప్రయోగశాల పెద్దలారా, మీరు ఒక ఇనుప మేకుకు రక్తపరీక్ష చేయించారు. దాన్ని అంబులెన్సులో పడుకోబెట్టి పట్నం పంపించారు. మనిషిని మాత్రం ఎదురుగా కూర్చోబెట్టుకుని నువ్వెవరివో మాకు తెలియదన్నారు. ఈ మాట నేను చాటుగా అనడం లేదు, పేరు పెట్టి అంటున్నాను. మీ స్వర్ణోత్సవ సంచికలో దీన్ని వేసుకుంటారన్న ఆశ కూడా నాకు లేదు. జరిగింది జరిగినట్టు రాస్తాను. ఎక్కడైనా అబద్ధం కనిపిస్తే కేసు పెట్టండి. ఎలాగూ ఒక కేసులో నేను రెండో ముద్దాయిని, దానికే జత చేయండి.

ముందు చరిత్ర. మీకు చరిత్రంటే ఇష్టం కదా.

యాభై ఏళ్ళ కిందట నువ్వులకొండ చుట్టూ కంచె పడింది. అంతకుముందు అక్కడ నువ్వులు పండేవి. ఒక పెద్దాయన వచ్చి రాయి పాతి, ఈ కొండ మీద పుట్టే అణువు మీ గుడిసెల్లో దీపమవుతుందని చెప్పి కొబ్బరికాయ కొట్టి వెళ్ళాడు. మొదటి పదేళ్ళూ గోడలు కట్టారు. గోడలయ్యాక ఏడో నంబరు షెడ్డు కట్టారు. ఎక్కడెక్కడో మండి అయిపోయిన ఇంధన కడ్డీలు అక్కడికి వచ్చేవి. వాటిని తొట్లలో యాసిడ్ పోసి కరిగించేవారు. తొట్టి అడుగున బురద పేరుకునేది. ఆ బురద గీకడానికి యంత్రం తెప్పిస్తామని మొదటి సంవత్సరమే ఫైలు పెట్టారు. ఆ ఫైలు ఇంకా నడుస్తోంది. అది వచ్చేదాకా తాత్కాలికంగా మనుషులు దిగి రేకులతో గీకారు. నలభై ఏళ్ళు తాత్కాలికంగా గీకారు.

లోపలికి వెళ్ళే ప్రతి మనిషికీ ఒక బ్యాడ్జీ ఇచ్చేవారు. బొటనవేలంత ప్లాస్టిక్ డబ్బీ, అందులో ఫిల్ము ముక్క. దాన్ని రొమ్ము మీద పెట్టుకోవాలి. కంటికి కనపడని కిరణం మనిషికి తగిలితే ఫిల్ముకూ తగులుతుంది, అది నల్లబడుతుంది. నెలాఖరున ఫిల్ము కడిగి, ఎంత నల్లబడితే అంత అంకె రిజిస్టరులో రాస్తారు. మంచి ఏర్పాటు. కనిపెట్టినవాడికి నా దండం.

షెడ్డు తెరిచిన మొదటి నెలలోనే మూడు బ్యాడ్జీలు బొగ్గులా నల్లబడ్డాయి. నల్లబడితే పదిహేడు గడులున్న సంజాయిషీ పత్రం నాలుగు ప్రతుల్లో రాసి కేంద్ర కార్యాలయానికి పంపాలి, జవాబు వచ్చేదాకా షెడ్డు మూసెయ్యాలి. అది నియమం. జవాబు రావడానికి ఎనిమిది నెలలు పట్టింది. ఈలోగా డైరెక్టరుకు బదిలీ అయింది.

కొత్త డైరెక్టరు తెలివైనవాడు. వచ్చిన రోజే వడ్రంగిని పిలిపించి, షెడ్డు గుమ్మం బయట ఒక టేకు పలక బిగించి, దానికి నలభై ఎనిమిది మేకులు కొట్టించాడు. ప్రతి మేకు కిందా తెల్ల రంగుతో ఒక నంబరు. బ్యాడ్జీలు సర్కారువారి సున్నితమైన సామాను, లోపల యాసిడ్ ఆవిరికి పాడవుతాయి కాబట్టి మేకుకు తగిలించి వెళ్ళమని చెప్పారు. ఆ రోజు నుంచి అదే ఆచారం. చెప్పులు కింద, బ్యాడ్జీ పైన. ఎవరైనా మరిచిపోయి బ్యాడ్జీతో లోపలికి అడుగుపెడితే, చెప్పులతో గర్భగుడిలోకి వెళ్ళినవాణ్ణి తరిమినట్టు సూపర్వైజరు వెనక్కి తరిమేవాడు. ఆ తర్వాత ఒక్క ఫిల్మూ నల్లబడలేదు. వరసగా ఎనిమిదేళ్ళు భద్రతా బహుమతి మనదే.

అందులో ముప్పై ఒకటో మేకు బోనెల గవరయ్యది. ఇరవై రెండేళ్ళప్పుడు చేరాడు, పంతొమ్మిదేళ్ళు తొట్లు గీకాడు. బయటికి వచ్చి ఒళ్ళు తుడుచుకున్న తువ్వాలు కూడా ఆ మేకుకే వేసేవాడు. ఒక రోజు పని లేదన్నారు, ఇంటికి వచ్చేశాడు. ఇప్పుడు యాభై ఎనిమిదేళ్ళు. నాలుగు నెలల కిందట చేపలబుట్ట ఎత్తబోయి పడిపోయాడు. తాలూకా ఆసుపత్రి డాక్టరు ఎముకల్లో రక్తం పుట్టడం ఆగిపోయిందని చెప్పాడు. రెండుసార్లు రక్తం ఎక్కించి చేతులెత్తేశాడు. అసలు వైద్యం పట్నంలో ప్రయోగశాల వాళ్ళ ఆసుపత్రిలోనే ఉందన్నాడు. అక్కడ చేరాలంటే ప్రయోగశాల ఇచ్చే చిట్టీ కావాలి. ఒక కాగితం ముక్క, దాని మీద ఒక ముద్ర. గవరయ్యకు కావలసింది అంతే. ఈ కథంతా ఆ కాగితం ముక్క కోసమే.

నేను మా కాంట్రాక్టు కార్మికుల సంఘానికి కార్యదర్శిని కాబట్టి వెంట వెళ్ళాను. గవరయ్య భార్య సూరీడమ్మ మమ్మల్నిద్దర్నీ నమ్మదు కాబట్టి తనూ వచ్చింది.

భద్రతా రికార్డుల విభాగానికి అధిపతి మృత్యుంజయరావు గారు. చెడ్డవాడు కాదు. కుర్చీలు చూపించాడు, ఫ్యాను వేశాడు. రిజిస్టరు తీసి, "బోనెల గవరయ్య, బ్యాడ్జీ నంబరు ముప్పై ఒకటి, పంతొమ్మిది సంవత్సరాలు," అని మొదలుపెట్టాడు. "మొదటి నెల సున్న. రెండో నెల సున్న." అలా రెండు వందల ఇరవై ఎనిమిది సున్నలు చదివాడు. ఒక్కటి కూడా వదల్లేదు. చివరిది చదివి కళ్ళజోడు తీసి గవరయ్యకు చెయ్యి అందించాడు.

"అభినందనలు. ఈ సంస్థ చరిత్రలో మీకంటే సురక్షితమైన వ్యక్తి లేడు."

"రత్తం పుట్టట్నేదు బావూ," అన్నాడు గవరయ్య.

"రికార్డు ప్రకారం పుడుతోంది."

"ఆ బ్యాడ్జీ నా వొంటి మీదుంటే కదా బావూ. మేకుకి తగిలించీసి లోపలికెల్లీవోళ్ళం. అందరం అలగే."

మృత్యుంజయరావు గారి మొహం పాలిపోయింది. తలుపు వేయించాడు. "మీరు చెప్పేది నియమావళి పద్దెనిమిదవ నిబంధనకు విరుద్ధం. బ్యాడ్జీ ధరించకుండా ప్రవేశించడం శిక్షార్హం."

"మేకులు కొట్టించింది మీరే కదండీ," అన్నాను నేను.

"మేకు కొట్టించడం ఏ నిబంధనకూ విరుద్ధం కాదు. దానికి బ్యాడ్జీ తగిలించడమన్నది వీరు స్వయంగా తీసుకున్న నిర్ణయం."

"నిర్ణయమా," అంది సూరీడమ్మ. "పెళ్ళయి ముప్పై ఐదేళ్ళయినాది బావూ. ఏ కూర వొండమంతావని అడిగితే నీ ఇట్టం అంతాడు. ఆ మనిసి నిర్ణయం తీసుకుంతాడేటి?"

ఆయన ఆమె మాట వినలేదు. రిజిస్టరు వైపే చూస్తున్నాడు. "అంటే ఈ పంతొమ్మిదేళ్ళ రికార్డు వీరిది కాదన్నమాట."

"కాదు బావూ."

"అప్పుడు వీరికి మా దగ్గర రికార్డే లేదు. రికార్డు లేని వ్యక్తి ఏడో షెడ్డులోకి ప్రవేశించినట్టు ఆధారం లేదు. ప్రవేశించని వ్యక్తికి చిట్టీ ఇవ్వడం కుదరదు."

"మరి ఈ సున్నలన్నీ ఎవలివి?" అంది సూరీడమ్మ.

"బ్యాడ్జీ ఎవరు మోశారో వారివి."

"మేకు మోసినాది."

మృత్యుంజయరావు గారు తెల్లకాగితం ఒకటి ముందుకు తోసి, "ఆ మాట రాసిస్తే వేలిముద్ర వేస్తారా?" అన్నాడు. సూరీడమ్మ వేసింది. ఆ కాగితం చించేస్తాడనుకున్నాను. ఇన్నేళ్ళు ఈ గేటు ముందు జెండా పట్టుకుని నిలబడ్డా నాకు ఆఫీసంటే ఏమిటో తెలియలేదన్నమాట. ఆఫీసు కాగితాన్ని చించదు. దానికి నంబరు వేస్తుంది.

ఆ కాగితం మీద విచారణకు ఒక సంఘం వేశారట, మూడు వారాలకు మాకు పిలుపు వచ్చింది. బ్యాడ్జీధారుల గుర్తింపు సంఘం తుది సమావేశం, సాక్షులు హాజరు కావలెను. గవరయ్య అప్పటికి నాలుగు అడుగులు వేస్తే కూర్చుంటున్నాడు. చేతుల మీద ఎక్కడ పట్టుకుంటే అక్కడ నల్లమచ్చ. రిక్షాలో తీసుకెళ్ళాం.

అధ్యక్షత డైరెక్టరు డాక్టర్ పరాంకుశం గారు. ఆయన ముందు ఒక లావుపాటి పుస్తకం అచ్చుప్రతి ఉంది. పేరు 'అణువులో అర్ధ శతాబ్ది'. సంస్థ యాభై ఏళ్ళ చరిత్ర. దాంట్లో ఆరో అధ్యాయం భద్రత. ఏడో షెడ్డులో నలభై ఎనిమిది మంది కార్మికులు, నలభై ఏళ్ళు, ఒక్కరికి కూడా హాని లేదు, ప్రపంచ సంస్థల్లో సాటి లేదు. పుస్తకం అచ్చుకు వెళ్ళిపోయింది. గవరయ్య ఎముకలు ఆ అధ్యాయానికి అడ్డం వచ్చాయి.

డైరెక్టరు గారు నివేదిక తనే చదివాడు. "నియమావళి రెండవ అధ్యాయము ప్రకారము కార్మికుడనగా పని ప్రదేశమునందు బ్యాడ్జీని ధరించి యుండువాడు. సాక్షుల వాంగ్మూలము ప్రకారము సదరు బ్యాడ్జీలను నలభై సంవత్సరములుగా ధరించి యున్నవి సదరు మేకులు. కావున ఒకటి నుండి నలభై ఎనిమిది వరకు గల మేకులే ఏడవ షెడ్డు కార్మికులుగా ఇందుమూలముగా గుర్తించడమైనది. వీరి సేవాకాలములో ఆలస్యముగా వచ్చిన దాఖలా లేదు. సెలవు కోరిన దాఖలా లేదు." ఇక్కడ ఆగి నా వైపు చూశాడు. "ఏ సంఘమునందును సభ్యత్వము లేదు."

సభ్యులు బల్లలు చరిచారు.

"అయ్యా, అవి ఇనుప ముక్కలు," అన్నాను. "లోపల తొట్లు గీకింది మనుషులు. ఈయన మీ ఎదురుగా కూర్చున్నాడు."

పరాంకుశం గారికి కోపం రాలేదు. చదువుకున్నవాడు, ఓర్పుగా చెప్పాడు. "చూడండి, చరిత్ర అంటే ఆధారాలు. మేకులు నలభై ఏళ్ళు ఇక్కడ ఉన్నట్టు నెలనెలా ఆధారాలున్నాయి. మనుషులు ఉన్నట్టు ఒక్క ఆధారం కూడా లేదు. శాస్త్రజ్ఞుడిగా నేను ఎటువైపు మొగ్గాలి, మీరే చెప్పండి."

గవరయ్య కుర్చీ చెయ్యి పట్టుకుని లేచి నిలబడ్డాడు. "మరి నానెవల్ని బావూ?"

"అది మా పరిశోధన పరిధిలోకి రాదు," అన్నాడు డైరెక్టరు. మర్యాదగానే అన్నాడు. టీ, బిస్కట్లు కూడా ఇచ్చారు.

ఇక్కడితో ఆగితే ఇది మామూలు అన్యాయం. మామూలు అన్యాయానికి నేను కథ రాయను, ధర్నా చేస్తాను. వాళ్ళు ఆగలేదు. నియమావళి ఉన్నవాళ్ళు ఆగలేరు. కార్మికుడిగా గుర్తించాక, ప్రతి కార్మికుడికీ ఏటా ఆరోగ్య పరీక్ష జరపాలని ఇరవై రెండో నిబంధన ఉంది. ఈ నలభై ఎనిమిది మందికీ నలభై ఏళ్ళుగా జరగలేదు. స్వర్ణోత్సవానికి పెద్దలొస్తున్నారు. ఎవరైనా అడిగితే ఏం చెప్పాలి?

మర్నాడే డిస్పెన్సరీ డాక్టరు, కాంపౌండరు, పరికరాల పెట్టె షెడ్డు ముందుకు వచ్చాయి. మేకుల బరువు తూచాలంటే పలక నుంచి ఊడదీయాలి, ఊడదీస్తే ఉద్యోగ స్థానం నుంచి తొలగించినట్టవుతుందని బరువు గడి ఖాళీగా వదిలేశారు. నాడి: అందలేదు. ఆకలి: చెప్పలేదు. రక్తం: తీయబోగా సూది వంగినది. మూడు సూదులు వంగాక కాంపౌండరు, "సార్, లోపల రక్తం ఉన్నట్టు లేదు సార్," అన్నాడు. "ఉన్నట్టు లేదని రాయకు, లభ్యం కాలేదని రాయి," అన్నాడు డాక్టరు. నలభై ఏడు మేకులకు ఏటా రంగు వేసేవారు కాబట్టి అవి నున్నగా ఉన్నాయి. వాటికి ఆరోగ్యవంతులని రాశారు. ముప్పై ఒకటో మేకు దగ్గర ఆగిపోయారు. పంతొమ్మిదేళ్ళు తడి తువ్వాలు మోసిన మేకు అది. ఎన్నిసార్లు రంగు వేసినా నిలవలేదు.

డాక్టరు రాసింది నేను మాట పొల్లుపోకుండా ఎక్కిస్తున్నాను. "చర్మము గోధుమ వర్ణమునకు తిరిగి పొట్టు రాలుచున్నది. రక్తము బొత్తిగా లభ్యము కాలేదు. తీవ్ర రక్తహీనతగా అనుమానము. పట్నం ఆసుపత్రికి తక్షణమే పంపవలెను."

చిట్టీ గంటలో వచ్చింది. ముద్రతో సహా.

సూరీడమ్మకు ఈ సంగతి నేనే చెప్పాను. "దానికి తుప్పు పట్టించినాది నా మొగుడి సెమట," అని పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయింది.

చిట్టీలో రోగి నంబరు ముప్పై ఒకటి, వెంట సహాయకుడు ఒకరు అని ఉంది. ఎవరు వెళ్తారు? ప్రయోగశాల ఉద్యోగులు మేకుకు సేవ తమ విధుల్లో లేదన్నారు. మృత్యుంజయరావు గారు మా ఇంటికే వచ్చి గొంతు తగ్గించి చెప్పాడు. "గవరయ్యకు దానితో పాత పరిచయం ఉంది కదా. సహాయకుడిగా రమ్మనండి." ఒక చిక్కుంది. సహాయకుడు పూర్తి ఆరోగ్యవంతుడై ఉండాలి. దానికి కూడా ఆయన దారి చూపించాడు. పాత రిజిస్టరు తీసి రెండు వందల ఇరవై ఎనిమిది సున్నలూ మళ్ళీ చూపించి ధ్రువపత్రం రాశాడు. ఆ ఒక్క పనికి మాత్రం ఆ సున్నలు గవరయ్యవేనని ఒప్పుకున్నారు.

వడ్రంగి వచ్చి, తాత్కాలిక విడుదల ఉత్తర్వు చదివి వినిపించాక, మేకును పీకాడు. అంబులెన్సులో స్ట్రెచరు మీద దూది పరిచి దాన్ని పడుకోబెట్టి బెల్టు బిగించారు. గవరయ్య పక్కన ఇనుప స్టూలు మీద కూర్చున్నాడు. నేను ముందు సీట్లో ఎక్కాను. ఘాట్ రోడ్డు మలుపుల్లో గవరయ్యకు వాంతి వచ్చింది. డ్రైవరు అద్దంలో చూసి, "తాతా, పేషెంటు మీద పడకుండా కాస్త అటు తిరుగు," అన్నాడు. గవరయ్య తిరిగాడు. అతనికి చెప్పిన మాట వినడం అలవాటు.

ఆసుపత్రిలో మేకుకు కిటికీ పక్కన మంచమిచ్చారు. సహాయకుడికి మంచం కింద చాప. పొద్దున్నే ఇడ్లీ పళ్ళెం తెచ్చి మేకు ముందు పెట్టారు. అది తినలేదని రాసుకుని తీసుకుపోయారు. సూరీడమ్మ బస్సులో వచ్చి చేరింది. పది గంటలకు డాక్టర్ అఖిలేశ్వరి అని ఒకావిడ వచ్చింది. మంచం మీదికి చూసింది. మంచం కిందికి చూసింది. కింద పడుకున్న మనిషి పెదాలు సున్నం కొట్టినట్టున్నాయి.

"రోగి ఎవరు?" అంది.

గవరయ్య పడుకున్నచోటి నుంచే చెయ్యెత్తి మంచం మీదికి చూపించాడు. ఆవిడ ఫైలు తీసి స్టూలు మీద కూర్చుని మొదటి కాగితం నుంచి చివరి కాగితం దాకా చదివింది. ఇరవై నిమిషాలు పట్టింది. చదువుతున్నంతసేపూ నవ్వలేదు. అందుకే ఆవిడ మీద నాకు గౌరవం.

"నేను మేకుకు రక్తం ఎక్కించలేను. సూది దిగదు," అంది. "సహాయకుడికి ఎక్కించే అధికారం నాకు లేదు."

సూరీడమ్మ కొంగు అంచు నుంచి దారం పీకింది. మేకు తలకు రెండు చుట్లు చుట్టి ముడేసి, మొగుడి తల ఎత్తి మెళ్ళో కట్టేసింది. "ఇప్పుడు దిగుతాదేమో సూడమ్మా."

డాక్టరమ్మ ఫైలు మూసింది. గవరయ్యను ఎత్తి మంచం మీద పడుకోబెట్టించింది. ఆ రోజు కాగితంలో ఆవిడ రాసింది ఇదీ: "రోగి నంబరు 31కి, దానిని ఆనుకొని యున్న భాగముతో కలిపి, రెండు సీసాల రక్తము ఎక్కించడమైనది. మందులు మొదలుపెట్టడమైనది. ప్రతి పదిహేను రోజులకొకసారి, ఆరు పర్యాయములు. ఆపరాదు." ఆపరాదు అన్న మాట కింద రెండు గీతలు గీసింది.

సాయంత్రానికి గవరయ్య గోళ్ళ కింద రంగు వచ్చింది. లేచి కూర్చుని కాఫీ అడిగాడు. తర్వాత పెళ్ళాం వైపు తిరిగి, "ఇంటికెల్లాక ఎండునెత్తళ్ళేసి వంకాయ వొండు," అన్నాడు. సూరీడమ్మ ముప్పై ఐదేళ్ళలో ఆ మాట మొదటిసారి విన్నది. గోడ వైపు తిరిగి మొహం తుడుచుకుంది.

ఇంటికి వచ్చిన వారానికి ఆడిట్ అభ్యంతరం వచ్చింది. రోగి పొడవు మూడంగుళాలు. ఎక్కించిన రక్తం ఏడు వందల మిల్లీలీటర్లు. అంత రక్తం రోగిలో ఎక్కడ ఇమిడింది? ఇరవై నాలుగు గంటల లోపల సంజాయిషీ ఇవ్వవలసిందిగా మేకు పేరున మెమో పంపారు. పోస్టుమాను దాన్ని గవరయ్య గుమ్మం ముందు చదివాడు. మేకు సంజాయిషీ ఇవ్వలేదు. క్రమశిక్షణా రాహిత్యం కింద దాన్ని సస్పెండు చేశారు. సస్పెండైన కార్మికుడికి ఆసుపత్రి సౌకర్యం ఉండదు కాబట్టి చిట్టీ రద్దయింది.

రెండో విడత రక్తం ఈ గురువారం ఎక్కించాలి.

మొన్న సోమవారం మృత్యుంజయరావు గారు గవరయ్య ఇంటికి వచ్చాడు. నులక మంచం పక్కన పీట మీద కూర్చున్నాడు. గవరయ్య మళ్ళీ పాలిపోతున్నాడు, మేకు మాత్రం మెళ్ళోనే ఉంది.

"స్వర్ణోత్సవం శుక్రవారం," అన్నాడు మృత్యుంజయరావు గారు. "ఆ పలకను మ్యూజియంలో పెట్టాం. అద్దాలు బిగించాం, ఏసీ వేశాం. పుస్తకంలో నలభై ఎనిమిది అని ఉంది. పలక మీద నలభై ఏడే ఉన్నాయి. మధ్యలో ఒక కన్నం. ముఖ్య అతిథి లెక్కపెడితే డైరెక్టరు గారి మాటేం కావాలి? మేకు ఇచ్చెయ్యండి."

"కొత్త మేకు కొట్టుకోండి," అన్నాను.

"అనుకున్నాం. ఒక కార్మికుడి స్థానంలో మరొకణ్ణి ఆ పేరుతో నిలబెట్టడం నేరమని న్యాయ విభాగం చెప్పింది."

"సిట్టీ ఇవ్వండి, మేకు ఇచ్చీస్తాను," అంది సూరీడమ్మ.

"సస్పెండైన వ్యక్తికి చిట్టీ ఇవ్వలేమమ్మా."

"మేకుకి కాదు బావూ. ఈ మనిసికి."

ఆయన పీట వెనక్కి జరుపుకున్నాడు. మాట మార్చడానికి కాబోలు, కొత్త తొమ్మిదో షెడ్డు గురించి చెప్పాడు. అందులో మేకులు లేవట, అరవై స్టీలు కొక్కేలు పెట్టారట. ఈసారి తుప్పు పట్టే ప్రసక్తే లేదట.

గవరయ్య కళ్ళు తెరిచాడు. "లోపలికెవలెల్తన్నారు బావూ?"

"రికార్డు ప్రకారం అరవై కొక్కేలు," అన్నాడు మృత్యుంజయరావు గారు. అన్నాక తన మాట తనకే వినిపించినట్టుంది. లేచి చెప్పులు వేసుకోకుండానే వాకిట్లోకి వెళ్ళి, మళ్ళీ వచ్చి వేసుకుని వెళ్ళాడు.

మంగళవారం ఎస్సై ఆ ఇంటికే వచ్చాడు. ప్రభుత్వ కార్మికుణ్ణి అపహరించి అక్రమంగా నిర్బంధించారని ఫిర్యాదు. మొదటి ముద్దాయి బోనెల గవరయ్య, రెండో ముద్దాయి నేను. ఎస్సై కాగితం చదివాడు. "బాధితుడు: పురుషుడు. వయసు నలభై. ఎత్తు మూడంగుళాలు. ఛాయ గోధుమరంగు. తల చదునుగా ఉండును. చివరిసారి కనిపించినప్పుడు దారం ధరించి యున్నాడు." చదివి టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. "మేష్టారూ, ఇరవై ఏళ్ళ సర్వీసులో ఇలాంటిది రాలేదు. నన్నేం చెయ్యమంటారు?"

"బాధితుడి వాంగ్మూలం తీసుకోండి," అన్నాను.

గవరయ్య మేకును పిడికిట్లో పట్టుకున్నాడు. ఎస్సై దగ్గరికి వెళ్ళి పిడికిలి ముట్టుకున్నాడు. వేళ్ళు ఎంత చల్లగా ఉన్నాయో అతనికి తెలిసింది. "శుక్రవారం దాకా నాకు ఈ ఇల్లు దొరకలేదు," అని వెళ్ళిపోయాడు.

ఇదీ జరిగింది. ఇది రాస్తున్నది బుధవారం మధ్యాహ్నం. సూరీడమ్మ వంకాయ వండింది. రెండు ముద్దలు తిన్నాడు, మూడోది దిగలేదు.

పరాంకుశం గారూ, మృత్యుంజయరావు గారూ, సంఘాల సభ్యులూ, ఆడిట్ వారూ, మీకు చెప్పేది ఒక్కసారే చెబుతాను. రేపు గురువారం పొద్దున ఎనిమిదింటికి అంబులెన్సు గవరయ్య గుమ్మం ముందు ఉండాలి. స్ట్రెచరు మీద గవరయ్య పడుకోవాలి, స్టూలు మీద మీరు కూర్చోవాలి. అంతకంటే ముందు, ఏడింటి షిఫ్టు మనుషులు దిగకముందే, తొమ్మిదో షెడ్డు గుమ్మం దగ్గరికి వెళ్ళండి. ఆ అరవై కొక్కేల మీద బ్యాడ్జీలు తీసి, అరవై మంది రొమ్ముల మీద మీ చేతులతో మీరే పెట్టండి. ఫిల్ము నల్లబడితే షెడ్డు మూసెయ్యండి. ఎనిమిది నెలలు కాదు, ఎనభై ఏళ్ళు పట్టినా మూసే ఉంచండి. ఆరో అధ్యాయం చించి, షెడ్డులో దిగిన ప్రతి మనిషి పేరూ ఇంటిపేరుతో సహా అక్కడ వెయ్యండి. బతికున్నవాళ్ళందరికీ రక్తపరీక్ష చేయించండి. మనుషులకు సూది దిగుతుంది, భయపడకండి.

మేకు మా దగ్గరే ఉంది. కావాలంటే రండి. ఉత్త చేతులతో రావద్దు, చిట్టీ తెండి. దాని మీద నంబరు వెయ్యొద్దు. బోనెల గవరయ్య అని రాయండి.